కాటాల ఆఫీసులో కత్తెరక్క

పొదుపు చేసే మనిషంటే లోకానికి ఎందుకో చులకన. చేతికి ఎముక లేనివాణ్ణి నెత్తిన పెట్టుకునే నోళ్లే, ఎవరూ లేని గదిలో లైటు ఆర్పే ఆడమనిషిని చూడగానే పిసినారి అనేస్తాయి. పెద్దక్కను ఆ మాట అననివాళ్లు ఆ మేడమీద ఒక్కరూ లేరు. ఆవిడ మాత్రం విననట్టే నటించి, ఇంకో స్విచ్చి నొక్కడానికి నింపాదిగా వెళ్లిపోయేది.

మేడ కింద ఇనుప సామాన్ల దుకాణం. దాని పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే రెండు గదులు, మధ్య సన్నటి నడవ. అదే కాటాలు బాగుచేసే ఆఫీసు. కూరగాయల కొట్లో బల్లమీద పెట్టే కాటా, చేపలకోసం కొక్కేనికి వేలాడదీసే కాటా, బస్తాలు తూచే పెద్ద కాటా, నగల దుకాణంలో గాజుపెట్టెలో ఒదిగి కూర్చునే బుల్లి కాటా, ఏది మొరాయించినా ఫోను ఇక్కడికే వచ్చేది. దుకాణాలవాళ్లు ఏడాదికోసారి డబ్బు కట్టేస్తారు. ఆ ఏడాదంతా వాళ్లు ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు మెకానిక్కులు బండేసుకుని పరుగెత్తాల్సిందే. పిలుపుకింత అని పైన ఏమీ రాలదు.

ఆఫీసు పెద్దక్క తమ్ముడిది. పేరుకి ఆయన యజమాని. బీరువా తాళాలు, కొనుగోళ్లు, బిల్లులు, ఊడ్చే మనిషితో తగాదాలు అన్నీ పెద్దక్కవి. తమ్ముడు ఆవిణ్ణి అక్కా అంటాడు కాబట్టి మిగతావాళ్లు పెద్దక్కా అనేవాళ్లు. ఆ మిగతావాళ్లు ముగ్గురే. వాళ్ల నాన్న హయాం నుంచి ఉన్న ముసలి మెకానిక్ని అందరూ బాబాయి అంటారు. అతని వెంట తిరిగే చిన్న మెకానిక్ మాట తక్కువ మనిషి. ఫోను దగ్గర కూర్చునే అమ్మాయికి మాట తక్కువ కాదని ఆమె ముద్దుపేరే చెబుతుంది. ఆమెను వసపిట్ట అని పిలిచేవాళ్లు.

పెద్దక్క పుట్టింట్లో అందరికీ ఒక పిచ్చి ఉండేది. ఏదైనా సరే, తూచి చూస్తేగాని నమ్మరు. వాళ్ల నాన్న ఇంటి ముందు రేకుల పంచలో తక్కెడలు బాగుచేసేవాడు. బడి నుంచి రాగానే ఇత్తడి పళ్లేలు బూడిదతో తోమడం పెద్దక్క పని. తమ్ముడు పుట్టినప్పుడు రోజూ పొద్దున్నే వాణ్ణి బస్తాల కాటామీద పడుకోబెట్టి తూచింది ఆవిడే. వాడు పెరిగి చదువుకుని ఎలక్ట్రానిక్ కాటాల ఆఫీసు పెట్టాడు. ఆవిడ పదో తరగతితో పుస్తకాలు మూసేసి, స్కూలు బస్సు నడిపే పెళ్లికొడుకుని చేసుకుని అత్తారింటికి వెళ్లింది.

కొత్తకాపురంలో ఉండగా కొన్నాళ్లు ఒక బట్టల దుకాణంలో పనిచేసింది. అక్కడ ముగ్గురు ఆడపిల్లలు తానుల్లోంచి గుడ్డ కొలిచి కత్తిరించేవాళ్లు. ఒక నెల మొదట్లో దుకాణదారు వచ్చి, నెలాఖరుకి మీలో ఒకరిని మాన్పించేస్తానని చెప్పి వెళ్లాడు. ఎవరిననేది చెప్పలేదు. ఆ నెలంతా పెద్దక్క కోసిన గుడ్డ ఒక్కటీ తిన్నగా రాలేదు. అప్పటిదాకా కళ్లు మూసుకుని కోసే చేయి, ఆ మాట విన్నప్పటి నుంచీ వణికింది. చివరికి వంకర కోతల వంకతో మాన్పించింది ఆవిణ్ణే. ఇంటికొచ్చి మొగుడితో కూడా సరిగా చెప్పుకోలేక, వంటింట్లో మూల కూర్చుని ఏడ్చింది. తమ్ముడు ఆఫీసు పెట్టి రమ్మని పిలిచేవరకూ మళ్లీ ఇంకో చోట పనికి వెళ్లే ధైర్యం చేయలేదు.

అలాంటి మనిషి దగ్గరికొచ్చి ఒక రోజు తమ్ముడు వసపిట్టను తీసేద్దామన్నాడు.

అతన్ని తప్పుపట్టడానికి లేదు. మేడ అద్దె పెరిగింది. మరోపక్క చవకరకం కాటాలు వచ్చిపడ్డాయి. చెడిపోతే బాగుచేయించుకోవడం మానేసి కొత్తది కొనుక్కునేవాళ్లు ఎక్కువయ్యారు. అలాంటప్పుడు ఫోన్ల యంత్రాలు అమ్మే మనిషొకడు టై కట్టుకుని వచ్చి, మీ అమ్మాయి చేసే పని ఈ పెట్టె చేస్తుందని చూపించి వెళ్లాడు. ఫోను చేసినవాళ్లకి అది తీయని గొంతుతో, మరమ్మతుకైతే ఒకటి నొక్కండి, కొత్త కాటాకైతే రెండు నొక్కండి అని చెబుతుంది. జీతం అడగదు, సెలవు పెట్టదు.

"ఒక జీతం మిగులుతుందక్కా. ఇంకెక్కడ తగ్గించుకుంటాం చెప్పు" అన్నాడు తమ్ముడు, తల పట్టుకుని.

వసపిట్ట మొగుడు పనిచేసే కార్ఖానా మూతపడి అప్పటికి ఆరునెలలు. ఇంట్లో అత్తగారు, ఇంకా సరిగ్గా నడక రాని కూతురు. ఆ సంసారమంతా ఆ ఒక్క జీతం మీదే నడుస్తోందని తమ్ముడికీ తెలుసు, అక్కకీ తెలుసు.

"నాకు మూడు నెలలు టైమివ్వు" అంది పెద్దక్క. "ఆ పిల్ల జీతం ఎంతో అంతా ఈ ఆఫీసు ఖర్చుల్లోంచే తీసి నీ చేతిలో పెడతా. పెట్టలేకపోతే నీ పెట్టె తెచ్చుకో."

"టీ నీళ్లు, కాగితాలు మిగిల్చి ఒక జీతం తీస్తావా అక్కా?"

"తీస్తానో లేదో చూద్దువుగాని. ఒకటే షరతు. ఈ సంగతి ఆ పిల్ల చెవిన పడకూడదు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఈ మూడు నెలలూ నోరు కట్టేసుకో."

తమ్ముడు సరేనన్నాడు. అక్కతో వాదించి గెలిచిన చరిత్ర అతనికి ఎటూ లేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దక్క కొంగు బిగించింది. ముందుగదిలో ఒక సోఫా, ఒక గాజుబల్ల, ఒక ఏసీ ఉండేవి. వచ్చే ఖాతాదార్లు కూర్చోవడానికని పెట్టినవి. ఖాతాదార్లు ఎప్పుడూ వచ్చింది లేదు, వాళ్లకి ఫోను ఉంది. ఆ చల్లటి గదిలో రాణీగారిలా ఒక్కత్తే కూర్చునేది వసపిట్ట. పెద్దక్క ఆ గదికి తాళం వేయించి, బల్లా కుర్చీ ఫోనూ సహా ఆమెను తీసుకొచ్చి వెనకగదిలో మెకానిక్కుల పనిబల్ల పక్కన కూర్చోబెట్టింది. ఆ గదిలో కిటికీలు రెండు, పాత ఫ్యాను ఒకటి.

"ఇక్కడా?" అంది వసపిట్ట, విప్పిన కాటాలనీ తీగలనీ చూసి ముక్కు చిట్లించుకుంటూ.

"ఇక్కడే. గాలికి గాలి, వెలుతురికి వెలుతురు. బాబాయి తోడు కూడా ఉంటాడు."

"బాబాయి తోడు ఏసీ అవుతుందా పెద్దక్కా?"

పనిబల్ల మీద కాటా పళ్లెం తుడుస్తున్న బాబాయి కిసుక్కున నవ్వాడు. పెద్దక్క మొహంలో మాత్రం నవ్వు లేదు.

తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఒకవైపే అచ్చయిన కాగితాలన్నీ కోసి పుస్తకాలుగా కుట్టి, ఇక రాతకోతలన్నీ వాటి వెనకే అంది. కాగితపు కప్పులు మానిపించి తలా ఒక గాజు గ్లాసు తెచ్చి ఇచ్చింది, ఎవరిది వాళ్లే కడుక్కోవాలి. నీళ్ల క్యాన్లు తెప్పించడం ఆపేసి, వడపోసే కుండ ఒకటి నడవలో పెట్టించింది. నడవలో పగలు కూడా వెలిగే రెండు బల్బుల్లో ఒకటి ఊడదీసి బీరువాలో దాచింది. వాడని టెలిఫోను లైనుకి ఏళ్లతరబడి అద్దె కడుతున్నారని కనిపెట్టి, దాన్ని తీయించడానికి టెలిఫోను ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. అక్కడి గుమాస్తా ఆవిణ్ణి చూడగానే భోజనానికి లేచిపోయేవాడు. మూడోసారి ఆవిడ కూడా డబ్బా తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుని తినేసరికి, అతను చేయి కడుక్కుని వచ్చి సంతకం పెట్టేశాడు.

వసపిట్టకు ఒళ్లు మండిపోయేది. అందరికంటే గట్టిగా సణిగింది ఆమే. పెద్దక్కకి కత్తెరక్క అని కొత్త పేరు పెట్టింది కూడా ఆమే. అది ఒక్కరోజులో మెట్లు దిగి ఇనుప సామాన్ల దుకాణం దాకా పాకింది. పెద్దక్క చెవిన పడ్డప్పుడు కొంచెం బాధేసిన మాట నిజం. ఎవరికోసం ఈ తిప్పలన్నీ పడుతోందో ఆ పిల్లే తన వెనక మూతి తిప్పుకుంటుంటే, ఎంత రాయి గుండైనా కలుక్కుమంటుంది కదా. ఆ రాత్రి మొగుడికి అన్నం వడ్డిస్తూ ఆ మాట చెప్పింది.

"ఆఫీసులో ఇవాళ పెట్టారు. నేను పాతికేళ్ల నుంచీ లోలోపల అనుకుంటూనే ఉన్నా" అన్నాడాయన.

"మీరు తిని లేవండి" అంది పెద్దక్క. అని, తనూ నవ్వేసింది.

పొదుపు ఎంతవరకు వచ్చిందో రోజూ చూసుకోవాలి కదా. బిల్లులైతే నెలాఖరుకిగాని రావు. అంతవరకు ఓపిక పట్టడం పెద్దక్క వల్ల కాలేదు. అప్పుడు ఆవిడలోని పుట్టింటి పిచ్చి బయటపడింది. చెత్తబుట్టను తూచడం మొదలుపెట్టింది. ఆఫీసులో వృథా అయ్యేదంతా చివరికి చేరేది బుట్టలోకే కాబట్టి, బుట్ట తేలికైతే ఖర్చు తగ్గినట్టే అని ఆవిడ లెక్క. కాటాలు బాగుచేసేవాళ్లు కాకపోతే ఇంకెవరికీ ఇలాంటి బుద్ధి పుట్టదు. సాయంత్రం తాళం వేసే ముందు బుట్టను పనిబల్ల మీది కాటాకెక్కించి, కళ్లజోడు సర్దుకుని అంకెలు చదివేది. అందరూ సంచులు భుజాన వేసుకుని, పరీక్ష ఫలితాలకొచ్చినట్టు చుట్టూ నిలబడేవాళ్లు.

బుట్ట రోజురోజుకీ తేలికైంది. పెద్దక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికెళ్లి మొగుడికి చెప్పేది, తమ్ముడికి ఫోను చేసి చెప్పేది. కొన్నాళ్లకి బుట్టలో రెండు పెన్సిలు చెక్కులు, ఒక బస్సు టిక్కెట్టు తప్ప ఏమీ లేకుండా పోయింది. తీరా నెలాఖరుకి చూస్తే కాగితాల కట్టలు ఎప్పటిలాగే అయిపోయి ఉన్నాయి. ఇదేం మాయో ఆవిడకు అంతుపట్టలేదు. గుట్టు విప్పింది కింద ఇనుప సామాన్ల దుకాణదారు.

"పెద్దక్కా, నాకేం అభ్యంతరం లేదుగాని" అన్నాడతను మెట్ల దగ్గర ఆపి, "మీ ఆఫీసు చెత్తంతా రోజూ మా బుట్టలోనే వేస్తున్నారు మీవాళ్లు. మా కుర్రాళ్లు గొణుగుతున్నారు."

పైకి వచ్చి నిలదీసింది. చిన్న మెకానిక్ గోడకేసి చూశాడు. వసపిట్ట జీవితంలో ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఫోను తుడుస్తోంది. బాబాయే నోరు విప్పాడు.

"బుట్ట తూచేటప్పుడు నీ మొహం అద్దంలా వెలుగుతుందమ్మాయ్. మొదట్లో ఒకరోజు బరువు పెరిగేసరికి అన్నం తిననిదానిలా అయిపోయావు. నిన్నలా చూడలేక..."

"అందుకని చెత్త దాస్తారా?"

"దాచలేదు. కిందికి దించాం."

పెద్దక్క కోప్పడదామని నోరు తెరిచింది. కోపానికి బదులు నవ్వొచ్చింది. కుర్చీలో కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. కాటా చెప్పింది కదా అని నమ్మి తమ్ముడి ముందు అంతలేసి గొప్పలు చెప్పుకున్నందుకు సిగ్గేసింది. తనకోసం సంచుల్లో చెత్త మోసుకెళ్లే మనుషులున్నారని ఎక్కడో సంతోషమూ వేసింది. ఆ పూట నుంచి బుట్టను తూచడం మానేసింది.

సంతోషం సంగతి అలా ఉంచితే, లెక్క మాత్రం దారుణంగా ఉంది. మొదటి నెల మిగిలింది జీతంలో సగానికి కూడా రాలేదు. పెద్దక్కకి రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది. తన జీతంలో కొంత కోసుకోమని తమ్ముణ్ణి అడిగి చూసింది.

"అది పొదుపు కాదక్కా, దానం. నేనొప్పుకోను" అన్నాడు. అదీ నిజమే.

ఇంక మిగిలింది ఫోను బిల్లు. దుకాణాలవాళ్లు మహా గడుసువాళ్లు. ఒక్కసారి మోగించి పెట్టేసేవాళ్లు. ఆఫీసు నుంచి తిరిగి చేస్తే నిమిషానికింత అని ఆఫీసుకే పడేది. పైగా అవతల ఉన్నది వసపిట్ట. కాటా సంగతి ఒక వాక్యంలో తేలిపోతే, వాళ్ల మోకాళ్ల నొప్పులూ వీధి కబుర్లూ కలిసి ఒక పురాణమయ్యేది. పెద్దక్క వంటింట్లో గుడ్లు ఉడికించేటప్పుడు వాడుకునే టైమరు తెచ్చి ఫోను పక్కన పెట్టింది.

"రెండు నిమిషాలు" అంది. "పేరు, వీధి, కాటా రకం, అంతే. ఇది మోగేలోపు ఫోను పెట్టేయాలి."

"మనుషులతో మాట్లాడొద్దా పెద్దక్కా?"

"మాట్లాడు. రెండు నిమిషాలు మాట్లాడు."

వసపిట్ట మొహం మాడ్చుకుంది. కొన్నాళ్లపాటు ఆ టైమరు ఆఫీసులో అందరి ప్రాణాలూ తోడేసింది. మాట మధ్యలో గణగణమని మోగేది. వసపిట్ట ఉలిక్కిపడి, ఉంటానన్నా అని ఠపీమని పెట్టేసేది. తర్వాత్తర్వాత దాని మోత వినపడటం తగ్గింది. పిల్ల దారిలో పడిందని పెద్దక్క సంబరపడింది.

రెండో నెల ఫోను బిల్లు వచ్చింది. తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది. పెద్దక్క నెత్తిన నీళ్లకుండ పగిలినట్టయింది. కానీ అదే నెల పెట్రోలు ఖర్చు తగ్గింది. అసలు పెట్రోలు జోలికి ఆవిడ పోనేలేదు. మూడో నెల సగానికొచ్చేసరికి అది ఇంకా తగ్గింది. ఇలాగే నెలాఖరుదాకా సాగితే, మిగతా చిల్లర మిగుళ్లతో కలిపి వసపిట్ట జీతమంత కావొచ్చు కూడా. ఎవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్లు. పెద్దక్కకి మాత్రం గుండెల్లో రాయి పడింది. బండ్లు తిరగడం లేదంటే పిలిచేవాళ్లు లేరనేగా. ఖాతాదార్లు జారిపోతుంటే ఇక పొదుపు చేసి ఎవర్ని ఉద్ధరించడానికి?

చిన్న మెకానిక్ని అడిగింది. "ఈమధ్య బయటికి పోవడం తగ్గించావేంరా?"

"పనుంటే పోతున్నా కదా పెద్దక్కా" అని నీళ్లు నమిలాడు అతను.

"పని ఎందుకు లేదు?"

అతను మళ్లీ గోడకేసి చూశాడు. ఆ గోడకేసి చూసే చూపు పెద్దక్కకి కొత్త కాదు. ఏదో దాస్తున్నారని అర్థమైంది. ఏం దాస్తున్నారో మాత్రం ఈసారి ఊహకు అందలేదు. ఖాతాదార్లు పోతున్నారని తనకు చెప్పలేకపోతున్నారేమో అనుకుంది. బాబాయిని అడిగే ధైర్యం లేకపోయింది. అతను ఉన్నమాట చెప్పేస్తాడని భయం.

గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా, తమ్ముడూ తనూ ఏదో సంతకాల కోసం బ్యాంకుకి వెళ్లారు. దారిలో తమ్ముడు, ఆ పెట్టెలవాణ్ణి వచ్చే వారం రమ్మన్నానని మెల్లిగా చెప్పాడు. బ్యాంకులో కంప్యూటర్లు పనిచేయడం లేదని రేపు రమ్మన్నారు. సాయంత్రానికి రావాల్సినవాళ్లు మధ్యాహ్నానికే తిరిగొచ్చేశారు. మెట్లెక్కి నడవలోకి రాగానే లోపలి నుంచి వసపిట్ట గొంతు వినపడింది.

"కాటా ఎక్కడ పెట్టారమ్మా? గోడకి ఆనుకుని ఉందా? కాస్త ముందుకు లాగండి. తొందరేం లేదు, మెల్లగా లాగండి, నేనెక్కడికీ పోను."

పెద్దక్క నడవలోనే ఆగిపోయింది. తమ్ముడు కూడా ఆగాడు.

"లాగారా? ఇప్పుడు పైన పళ్లెం ఎత్తండి. ఊడుతుందమ్మా, భయపడకండి, మళ్లీ పెట్టుకోవచ్చు. కింద ఏమన్నా ఉందా? ఏంటీ, బిస్కెట్టు ముక్కా? తీసేయండి. తినకండి, ఎప్పటిదో ఏమో. ఇప్పుడొక కిలో చక్కెర ప్యాకెట్టు, కట్ట విప్పనిది, కాటామీద పెట్టి ఏం చూపిస్తుందో చదవండి."

అవతల రొట్టెల దుకాణం ఆవిడ చదువుతున్నట్టుంది. ఈలోపు వసపిట్ట, మీ అమ్మాయికి జ్వరం తగ్గిందా అని కూడా అడిగింది. పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. టైమరు మోతే లేదు. తలుపు తోసుకుని వెళ్లి దులిపేద్దామని అడుగు వేయబోయింది. తమ్ముడు చేయి పట్టుకుని ఆపాడు.

"సరిగ్గా చూపిస్తోంది కదా? చూశారా మరి. ఆ ముక్క అడ్డంపడి పళ్లేన్ని కిందికి దిగనివ్వలేదమ్మా. ఇన్నాళ్లూ కిలో అనుకుని కిలో పైనే ఇచ్చేశారు మీరు. మీ వీధిలో అందరూ మీ కొట్టుకే ఎందుకొస్తున్నారో ఇప్పుడర్థమైందా? మావాళ్లు రానక్కర్లేదు. రేపు పక్కవీధిలో పనుంది, అటొచ్చినప్పుడు ఒకసారి చూసి వెళ్తారు. ఉంటానమ్మా."

ఫోను పెట్టిన చప్పుడైంది. అక్కాతమ్ముళ్లు లోపలికి వచ్చారు. వసపిట్ట దిగ్గున లేచింది. ఆమె కళ్లు గబుక్కున తూకంరాళ్ల పెట్టెవైపు వెళ్లాయి. పెద్దక్క వెళ్లి మూత తెరిచింది. లోపల రాళ్ల మధ్య, మెత్తటి గుడ్డలో చుట్టి, నోరు నొక్కేసిన టైమరు ఉంది.

"ఈ ఒక్కసారికి పెద్దక్కా" అంది వసపిట్ట.

"రోజుకెన్ని ఇలా?" అని అడిగాడు తమ్ముడు. అడిగింది వసపిట్టను కాదు, బాబాయిని.

బాబాయి చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టాడు. "సగం పైనే బాబూ. ఇదివరకు ఆ గదిలో కూర్చున్నప్పుడు ఎవరు ఫోను చేసినా పేరు రాసుకుని మమ్మల్ని తోలేది. మేం అంతదూరం పోయి చూస్తే ప్లగ్గు ఊడి ఉండేది, లేదా బల్ల వాలి ఉండేది. తిరిగొచ్చి తిట్టుకునేవాళ్లం. ఇక్కడికొచ్చి కూర్చున్నాక ఆ తిట్లన్నీ దీని చెవిన పడ్డాయి. ఇక ప్రశ్నలతో మా ప్రాణం తీసింది. ఇప్పుడవే ప్రశ్నలు వాళ్లని వేస్తోంది. నిజంగా చెడిపోతే ఏ సామాను తీసుకెళ్లాలో కూడా కనుక్కుని పంపిస్తోంది. ఒక్క తిరుగుడుతో పనైపోతోంది."

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?" అంది పెద్దక్క.

"రెండు నిమిషాలన్నావు కదమ్మాయ్. నువ్వు మాటంటే మాటే. చెప్తే మాన్పించేస్తావని భయం."

తమ్ముడు ఫోనుకేసి కాసేపు చూశాడు. మనసులో ఏదో కూడుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. తర్వాత తలూపాడు.

"పళ్లెం ఎత్తి చూడమని ఆ పెట్టె చెప్పదు కదక్కా. ఒకటి నొక్కగానే బండి తోలమంటుంది. వాడికి రావద్దని చెప్పేస్తా."

"ఏ పెట్టె సార్?" అంది వసపిట్ట.

మూడు నెలలపాటు నోరు కట్టుకోవడం తమ్ముడికి ఎక్కువైపోయినట్టుంది. మొత్తం చెప్పేశాడు. టై కట్టుకున్న మనిషి దగ్గర్నుంచి, అక్క పెట్టిన గడువు దగ్గర్నుంచి, టెలిఫోను గుమాస్తా ఎదురుగా డబ్బా విప్పుకుని కూర్చోవడం దాకా ఒక్కటీ వదల్లేదు. పెద్దక్క ఎంత కళ్లురిమినా ఆగలేదు. వసపిట్ట వింటూ నిలబడింది. ఆమె నోట్లోంచి ఒక్క మాట రాకపోవడం ఆ ఆఫీసులో అందరూ అదే మొదటిసారి చూడటం. తర్వాత ఫోను మోగితే తీసి, మామూలుగానే మాట్లాడింది. సాయంత్రందాకా పనిచేసుకుంటూనే ఉంది. పెద్దక్కవైపు చూడలేదు.

పెద్దక్కకి బెంగ పట్టుకుంది. తనమీద పిల్లకి కోపమొచ్చిందేమో. ఒకరి ఉద్యోగం గురించి వాళ్ల వెనకాల బేరం పెట్టడానికి తనెవరు? మంచి చేశాననుకుంటూ మూడు నెలలు మురిసిపోయింది గాని, ఆ మాట ఇంతవరకు తట్టనే లేదు. మెకానిక్కులు వెళ్లిపోయారు, తమ్ముడూ వెళ్లిపోయాడు. కిటికీలు మూస్తుంటే వసపిట్ట సంచి భుజాన వేసుకుని వచ్చి పక్కన నిలబడింది.

"నాకు చెప్పకుండా దాచినందుకు ముందు చాలా కోపమొచ్చింది పెద్దక్కా" అంది.

"రాకుండా ఎలా ఉంటుంది" అంది పెద్దక్క.

"తర్వాత కూర్చుని ఆలోచించా. మీరు మొదటిరోజే చెప్పుంటే ఏం చేసేదాన్నా అని." జారుతున్న సంచిని మళ్లీ భుజాన సర్దుకుంది. "టైమరు మోగకముందే ఫోను పెట్టేసేదాన్ని పెద్దక్కా. మీరు చెప్పినమాట గీత దాటేదాన్నే కాదు. ఉద్యోగం పోతుందేమోనని అంత భయంగా ఉంటే ఇంక పళ్లెం ఎత్తి చూడమని ఎవరికి చెప్తాను?"

పెద్దక్క చేయి కిటికీ గడియమీదే ఉండిపోయింది. మూడు నెలలుగా ఈ పిల్లను తను కాపాడుతున్నాననుకుంది. పిల్ల తన మాట బుద్ధిగా వినుంటే ఈపాటికి ఇంట్లో కూర్చునేది. తను పెట్టిన నియమమే ఆమెను ఇంటికి పంపేసేది. అది తలచుకుంటే ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే గుండె నిండా హాయిగా అనిపించింది. కళ్లు చెమర్చాయి. అది కనపడనివ్వకుండా గడియ గట్టిగా నొక్కి బిగించింది.

"అయితే రేపట్నుంచి కూడా నా మాట వినకు" అంది.

"అది మీరు చెప్పాలా?" అంది వసపిట్ట. అక్కణ్ణుంచి మెట్లు దిగి వీధిలోకి వెళ్లేదాకా, కూతురికి కొత్తగా వచ్చిన పళ్ల గురించి చెబుతూనే ఉంది. పెద్దక్క మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా అంతా విన్నది.